ఇంటికి తీసుకెళ్ళమన్నారంటే వైద్యం అయిపోయినట్టు కాదు

ప్రశ్న: అక్కా, మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా అత్తగారికి అరవై దాటాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. రెండేళ్ళ కిందట అంగిట్లో పుండు లేస్తే పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టారు. కొన్నాళ్ళు బాగానే ఉండి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు దవడ మీద బయటికి పుండు పడింది, వాసన వస్తోంది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. నా భర్త గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉన్నారు. అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి సీజన్ మధ్యలో రాలేనంటున్నారు. ఇంట్లో నేను, అత్త, తొమ్మిదో తరగతి పాప, చిన్న బాబు. చేపల బుట్ట ఎత్తడం మానేసి ఆరు నెలలు అవుతోంది. రాత్రంతా ఆవిడ మూలుగే. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి డబ్బు తీసుకుంటున్నాడు. పెద్దాసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు రాస్తామన్నారు గానీ, అది మత్తుమందు, వేస్తే అమ్మ పోతుందని మా వదిన అడ్డం పడింది. ఆవిడ నెలకోసారి వచ్చి, నేను సరిగా చూడటం లేదని నలుగురిలో అంటుంది. పని తెమలక పాపను బడి మాన్పించాను. ఒక రాత్రి, ఈవిడ తొందరగా పోతే బాగుండును అనిపించింది. అప్పటి నుంచి అద్దంలో నా ముఖం నేను చూసుకోలేకపోతున్నాను. నేను పాపం చేశానా? నన్నేం చేయమంటారు?
– పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీరు పాపం చేయలేదు. నెలల తరబడి నిద్ర లేకుండా, మూలుగుతున్న మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ ఆలోచన వస్తుంది. క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసిన కాలమంతా కొడుకులు, కూతుళ్ళు, భార్యలు ఈ మాటే గొంతు తగ్గించి నాతో చెప్పుకునేవారు. తమ మనిషి మీద ప్రేమ లేనివాళ్ళు ఒక్కరూ ఇలా చెప్పుకుని ఏడవలేదు. ఆ బాధ ఆగిపోవాలని మీరు కోరుకున్నారు. ఆగే దారి ఇంకొకటి కనబడక, మనసు చావు దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంకో దారి ఉంది. మీకు దాన్ని ఎవరూ సరిగా చూపించలేదు. నా కోపమంతా అక్కడే.

ఇక చేసేదేమీ లేదు అన్న మాట సగం మాట. క్యాన్సర్‌ను నయం చేయడానికి చేసేదేమీ లేదని దాని అర్థం. నొప్పికి, పుండుకు, వాసనకు, మలబద్ధకానికి, ఆయాసానికి, నిద్రకు, భయానికి చేయవలసింది అప్పుడే మొదలవుతుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నారు. అది రోగి ఒక్కరి కోసం కాదు, చూసుకునేవాళ్ళనూ కలుపుకుని చేసే వైద్యం. కేరళలో 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు ఇలాంటి చిన్న క్లినిక్ ఒకటి మొదలుపెడితే, తర్వాత ఊళ్ళలో మామూలు మనుషులే శిక్షణ పొంది, నర్సులతో కలిసి ఇంటింటికీ వెళ్ళడం మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్రం దీన్ని ప్రభుత్వ విధానంగానే చేసుకుంది. మనకు అంత అల్లిక ఇంకా లేదు. కానీ బొత్తిగా ఏమీ లేకుండానూ లేము. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీకు మార్ఫిన్ రాస్తామన్న ఆసుపత్రి ఎలాగూ ఉంది. మీరు తిరిగి వెళ్ళవలసింది అక్కడికే. వెళ్ళి, ఇంకేమైనా వైద్యం ఉందా అని అడగకండి, లేదంటారు. నొప్పి తగ్గించే డాక్టరు దగ్గరకు, పాలియేటివ్ విభాగానికి పంపండి అని అడగండి. మాట ఇలా మార్చి అడిగితే వెళ్ళే గది వేరవుతుంది.

మార్ఫిన్ గురించి మీ వదినగారు అన్నది ఆవిడ ఒక్కరి మాట కాదు, చదువుకున్నవాళ్ళూ అంటారు. నల్లమందు నుంచి తీసేది కాబట్టి మత్తు అన్న పేరు దాన్ని వదలలేదు. క్యాన్సర్ నొప్పికి దీన్ని నోటి ద్వారా, వేళ ప్రకారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మన దగ్గర 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం దొంగ వ్యాపారాన్ని ఆపబోయి ఆసుపత్రుల చేతులు కట్టేసింది. ఒక్క మందు తెచ్చుకోవడానికి ఎన్నో లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడాన్ని సులువు చేసింది. అంటే నొప్పితో ఉన్నవాళ్ళ కోసం దేశం తన చట్టాన్నే మార్చుకుంది. ఈ సంగతి వదినగారికి చెప్పండి.

వేస్తే పోతారన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. భయపడి భయపడి ఆఖరి రెండు మూడు రోజుల్లో మాత్ర మొదలుపెడతారు. మనిషి ఎలాగూ పోయే రోజులవి. చూసేవాళ్ళకు మాత్రం మాత్ర వేశారు, పోయారు అని కనబడుతుంది. నొప్పికి సరిపడా, డాక్టరు రాసిన కొలతలో వేసిన మార్ఫిన్ ప్రాణం తీయదు. అలవాటుపడి బానిసైపోతారన్న భయం కూడా క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్ళ విషయంలో అక్కరలేనిది. నొప్పి తగ్గినవాళ్ళు కాస్త లేచి కూర్చోవడం, నాలుగు మెతుకులు తినడం, మనవలతో మాట్లాడటం నేను చూశాను.

వాడే పద్ధతి ఒకటి ఉంది. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది దాదాపు నాలుగు గంటలు. అందుకని నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి వేయాలి. ఏటికి గండి పడ్డాక పూడ్చడం కంటే కట్ట నిలబెట్టుకోవడం తేలిక కదా. రాత్రి మధ్యలో లేపనక్కర లేకుండా పడుకునే ముందు మోతాదును డాక్టర్లు వేరుగా రాస్తారు. ఇది తప్పకుండా అడగండి, ఎందుకంటే ఆ రాత్రి నిద్ర ఆవిడది ఎంతో మీదీ అంతే. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత వేయవచ్చో కూడా రాయించుకోండి. మొదటి రోజుల్లో వికారం రావచ్చు, దానికి మందు ఇస్తారు. రెండు మూడు రోజులు ఎక్కువగా నిద్రపోతారు. కొంత మందు వల్ల, కొంత నెలలుగా పేరుకున్న నిద్ర బాకీ వల్ల. చూసి కంగారుపడి ఆపేయకండి. పిలిచినా, కదిపినా లేవనంత మగతగా ఉండి ఊపిరి బాగా నెమ్మదిస్తే మాత్రం తర్వాతి మోతాదు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి.

మలబద్ధకం తప్పకుండా వస్తుంది. అది వేసుకున్నన్నాళ్ళూ ఉంటుంది. కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వేయాలి. ఈ ఒక్క విషయం చెప్పకపోవడం వల్ల, కడుపు బిగుసుకుపోయి, మార్ఫిన్ పడలేదని మానేసిన కుటుంబాలు ఎన్నో. మందు ఒక్కసారిగా ఆపకూడదు. పిల్లలకు అందకుండా తాళం వేసి దాచండి. మింగలేకపోతే ద్రవంగా ఇవ్వవచ్చా, మాత్ర నూరవచ్చా అని అడగండి. అన్ని రకాల మాత్రలూ నూరకూడదు. ఇంకో మాట, ఇది మీ కంటే ఎక్కువగా ఇది చదివే ఉద్దానం వాళ్ళకు. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. అలాంటివాళ్ళకు కొలత తగ్గిస్తారు, లేదా వేరే మందు ఇస్తారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం ఉంటే మొదటే డాక్టరు ముందు పెట్టండి.

సెలైన్ సంగతి. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు చెంచాలు. ఉత్త సెలైన్‌లో అయితే అదీ లేదు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. బలం అనేది ఆ సీసాలో లేదు. ఈ దశలో ఎక్కువ నీరు ఎక్కిస్తే కాళ్ళు వాస్తాయి, గొంతులో కఫం గురగురలాడుతుంది, ఊపిరి బరువవుతుంది. ఆర్‌ఎంపీకి ఇచ్చే డబ్బుతో ఆవిడకు మెత్తటి పాత బట్ట కాకుండా శుభ్రమైన కట్టు గుడ్డ (గాజ్), దూది కొనవచ్చు, మీ ఇంట్లో పిల్లలకు గుడ్లు కొనవచ్చు. ఊళ్ళో ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని పెట్టించే సెలైన్ అయితే, దయచేసి మానేయండి.

తిండి విషయంలో కూడా మీ మీద నింద పడుతోందని మీరు రాయకపోయినా నాకు అర్థమవుతోంది. ఆవిడ తినకపోవడం వల్ల చిక్కిపోవడం లేదు. జబ్బు తినేస్తున్నందువల్ల తినలేకపోతున్నారు. చోడి (రాగి) అంబలి పలచగా, గోరువెచ్చగా, కారం లేని చేపల పులుసు నీళ్ళు, పెరుగు, ఏది దిగితే అది, రెండు చెంచాలైనా చాలు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాచి చల్లార్చిన నీటిలో కాస్త ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి రోజులో చాలాసార్లు పుక్కిలింపించండి. పుక్కిలించలేకపోతే తడి దూదితో తుడవండి. పెదవులకు కొద్దిగా వేసలిన్ రాయండి.

పుండు కడగడానికి అరలీటరు నీళ్ళు మరిగించి ఒక చెంచా ఉప్పు వేసి చల్లార్చండి, ఇంకేమీ వద్దు. పసుపు, బూడిద, ఫినాయిలు, ఆకుపసర్లు ఏవీ పెట్టకండి. వాసన పోవడానికి మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి చల్లే పద్ధతి పాలియేటివ్ నర్సులందరికీ తెలుసు. ఎలా చల్లాలో, రోజుకు ఎన్నిసార్లో దగ్గరుండి నేర్పించుకోండి. ఈగ వాలనివ్వకండి. ఒకవేళ పురుగు పడితే సిగ్గుపడి దాచిపెట్టవద్దు. అది మీ అశ్రద్ధ వల్ల జరిగింది కాదు, సముద్రపు ఒడ్డు ఊళ్ళో, చేపలు ఎండబెట్టే చోట, తెరిచి ఉన్న పుండుకు అది ఎప్పుడైనా జరగవచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్తే శుభ్రం చేస్తారు. ఇలాంటి పుండు నుంచి ఒక్కోసారి రక్తం ఎక్కువగా రావచ్చు. ముదురు రంగు తువ్వాళ్ళు రెండు దగ్గర పెట్టుకోండి. తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే ఆవిడా, పిల్లలూ హడలిపోతారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. అప్పుడేం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరును ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

వాసన తగ్గాక మనుషులు మళ్ళీ గదిలోకి వస్తారు. క్యాన్సర్ అంటుకోదు. ఆవిడకు కంచం, గ్లాసు వేరుగా పెట్టనక్కర్లేదు. బాబు నాన్నమ్మ పక్కన కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఊళ్ళో ఎవరైనా పిల్లల్ని దూరం పెట్టమంటే ఈ మాట చదివి వినిపించండి.

అడ్డపొగ గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. చూడవచ్చినవాళ్ళు, తాగితే రాదా మరి అంటూనే ఉంటారు. మన తీరం ఊళ్ళలో ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లోకి పెట్టుకుని తాగడం తరాల అలవాటు. గాలికి ఆరిపోదు, తడి చేతులతో పని చేసుకుంటూ తాగవచ్చు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం వైపు ఊళ్ళలో పది వేల మందికి పైగా జనాన్ని పరీక్షించి, ఈ అలవాటుకూ అంగిలి మీద వచ్చే మార్పులకూ ఉన్న సంబంధాన్ని 1971లోనే వైద్య పత్రికలో ప్రచురించారు. అంటే పెద్ద డాక్టర్లకు తెలిసి అర్ధ శతాబ్దం దాటింది. మీ అత్తగారికి మాత్రం నోరు తెరిచి చూపించు అని పుండు లేచేదాకా ఎవరూ చెప్పలేదు. తప్పు ఆవిడదని అనే హక్కు ఎవరికీ లేదు. మీ వీధిలో ఇంకా అడ్డపొగ తాగేవాళ్ళుంటే, అంగిట్లో తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే ఆసుపత్రిలో చూపించుకోమని చెప్పండి. మీ అత్తగారు ఇప్పుడు కూడా చుట్ట అడుగుతుంటే దాని కోసం ఇంట్లో యుద్ధం చేయకండి. పుండు మండుతుందని నెమ్మదిగా చెప్పండి. మార్ఫిన్ మగతలో ఉన్నప్పుడు మాత్రం పక్క మీద నిప్పు ఉండకూడదు.

ఇక మీ వదినగారు. దూరంగా ఉండి నెలకోసారి వచ్చే కూతురికి తల్లి ప్రతిసారీ సగమైపోయినట్టు కనబడుతుంది. ఆ భయం, దగ్గర లేనన్న బాధ ఎవరో ఒకరి మీద కోపంగా పడాలి, మీ మీద పడుతోంది. నలుగురిలో మాట పడటం న్యాయమని నేను అనను. కానీ ఆవిడతో వాదించి గెలవడానికి మీకు ఓపిక లేదు, కాలమూ లేదు. ఈసారి ఆసుపత్రికి ఆవిడనే వెంట తీసుకెళ్ళండి. మార్ఫిన్ సంగతి మీ నోటి నుంచి కాక డాక్టరు నోటి నుంచి ఆవిడ వినాలి, అడగవలసినవన్నీ ఆవిడే అడగాలి. వచ్చినప్పుడు డ్రెస్సింగు ఆవిడ చేత ఒకసారి చేయించండి. పరీక్ష పెట్టడానికి కాదు, అమ్మకు తన చేత్తో ఏదో చేశానన్న తృప్తి ఆవిడకూ కావాలి. అప్పుడు అడగండి: వదినా, నెలలో ఈ మూడు రాత్రులు నువ్వు అమ్మ దగ్గర పడుకో, నేను మా అమ్మ వాళ్ళింట్లో పడుకుని వస్తాను. సాయం చేయి అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ఫలానా రోజు, ఫలానా పని అంటే కాదనడం కష్టం.

ఊళ్ళోవాళ్ళ విషయంలోనూ అంతే. మీరు డ్వాక్రా సంఘంలో ఉండే ఉంటారు. కిస్తీ గురించి మాట్లాడే మీటింగులోనే ఇదీ మాట్లాడండి. కొన్నాళ్ళు కిస్తీ సర్దుబాటు చేయగలరేమో అడగండి. మధ్యాహ్నం రెండు గంటలు ఒక్కొక్కరు వంతు వేసుకుని ఆవిడ దగ్గర కూర్చుంటే మీరు తలుపు వేసుకుని పడుకోవచ్చు, లేదా వారంలో రెండు రోజులు బుట్ట ఎత్తవచ్చు. చేపల అమ్మకం మీకు డబ్బు మాత్రమే కాదు, నలుగురు మనుషుల ముఖాలు చూడటం కూడా అని నాకు తెలుసు. ఆశా కార్యకర్తకు, గ్రామ క్లినిక్‌లో ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకు మీ ఇంటి సంగతి చెప్పి, వారానికోసారి ఇంటికి వచ్చి పుండు చూడమనండి. మంచాన పడినవారికి ఉపశమన సేవ అందించడం ఇప్పుడు ఆ కేంద్రాలు చేయవలసిన పనుల్లో ఒకటి. దయ అడుగుతున్నట్టు కాక, రావలసింది అడుగుతున్నట్టు అడగండి. అక్కడి నుంచే ఈ-సంజీవనిలో డాక్టరుతో వీడియోలో మాట్లాడించవచ్చు.

పాపను ఈ సోమవారమే బడికి పంపండి. ఇందులో నేను కొంచెం కఠినంగానే చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఆగిన ఆడపిల్ల పదో తరగతి పరీక్ష రాయదు. ఆ తర్వాత మీ ఊళ్ళో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. సాయంత్రం వచ్చి నాన్నమ్మకు తల దువ్వడం, ఫోన్లో పాట పెట్టడం తనకు అప్పజెప్పండి. పుండు కడగడం, ఒళ్ళు తుడవడం ఆ పిల్ల పని కాకూడదు.

మీ భర్తకు రావడం ఎందుకు కష్టమో నాకు తెలియనిది కాదు. అడ్వాన్సు తీసుకున్న మనిషి బోటు దిగాలంటే ఓనరుతో మాట్లాడాలి, తోటివాళ్ళు ఒప్పుకోవాలి. అందుకే ఆయనకు ఖబురు ఆలస్యంగా అందకూడదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరును సూటిగా అడగండి: ఇది నెలల లెక్కా, వారాల లెక్కా? తేదీ ఎవరూ చెప్పలేరు గానీ ఈ తేడా చెప్పగలరు. వారాలు అంటే అదే రోజు ఆయనకు ఫోన్ చేసి, అమ్మ మాట్లాడగలిగినప్పుడే రమ్మనండి. వీరావల్ నుంచి ఇక్కడికి రైల్లో దాదాపు రెండు రోజులు పడుతుంది. పోయారన్న ఫోన్‌కు బయల్దేరితే ఆయనకు జీవితాంతం మిగిలేది ఏమిటో ఊహించండి. రాలేకపోతే కనీసం రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి అమ్మతో మాట్లాడాలి, తర్వాత మీతో విడిగా మాట్లాడాలి. డబ్బు సంగతే కాదు, మీరు ఎలా ఉన్నారన్నది కూడా.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. ఇలాంటి సమయంలో ఎవరో వచ్చి, ఫలానా ఊళ్ళో పసరు మందు ఉంది, ఫలానా ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త ఇంజెక్షన్ ఉంది, బంగారం అమ్మైనా వేయించండి అంటారు. ఏ వైద్యమైనా మొదలుపెట్టే ముందు దీనివల్ల నయమవుతుందా, నొప్పి తగ్గుతుందా, ఎన్నాళ్ళు మిగులుతుంది, ఎంత బాధపడాలి అని అడిగి, జవాబు రాయించుకోండి. రాయడానికి ఇష్టపడనివాళ్ళ దగ్గర డబ్బు పెట్టకండి. మీ కార్డు మీద ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుందో 104కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. ఆసుపత్రి ప్రయాణానికి రైల్వే రాయితీ ఉంది. వైద్యం కోసం వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారికి ముప్పావు వంతు రాయితీ. ఆసుపత్రి సంతకం చేసిన నిర్ణీత ఫారం ఉండాలి. ఆమదాలవలసలో రైలెక్కితే అగనంపూడికి దగ్గరి స్టేషన్ దువ్వాడ. ఒకసారి చూపించాక ప్రతిసారీ ఆవిడను మోసుకెళ్ళాలా, కాగితాలతో మీరొక్కరే వచ్చి మందులు తీసుకోవచ్చా అని అడగండి. చాలా చోట్ల ఒప్పుకుంటారు.

మీ అత్తగారితో ఎవరైనా నిజం మాట్లాడారా? మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, ఆవిడ మాట ఒక్కటీ లేదు. ఆవిడకు తెలియదని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఒంట్లో జరుగుతున్నది ఒంటికి తెలియకుండా ఉండదు. నొప్పి కాస్త తగ్గిన ఒక సాయంత్రం, అత్తా, నీకేమనిపిస్తోంది, ఏం చేయమంటావు అని అడిగి ఊరుకోండి. మళ్ళీ ఆసుపత్రికి వద్దు అనవచ్చు. చెవి కమ్మలు ఎవరికివ్వాలో చెప్పవచ్చు. కొడుకును చూడాలి అనవచ్చు. ఏమీ అనకుండా ఏడవవచ్చు, మీరూ ఏడవండి. చెప్పినవి వదినగారికి, మీ భర్తకు చెప్పి ఉంచండి. రేపు ఆఖరి ఘడియల్లో ఆయాసం వచ్చినప్పుడు అంబులెన్సు ఎక్కించాలా వద్దా అని ఇల్లు రెండుగా చీలకుండా ఆ మాటే కాపాడుతుంది.

మీ ఒంటి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆవిడను పక్కకు తిప్పేటప్పుడు నడుము వంచి చేతులతో ఎత్తకండి. పాత చీర నాలుగు మడతలు వేసి ఆవిడ కింద పరిచి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని జరపండి. పక్క పుళ్ళు రాకుండా రెండు గంటలకోసారి తిప్పాలంటారు. రాత్రి పూట మెత్తటి పరుపు, దిండ్లతో ఆ వ్యవధి ఎంత పెంచవచ్చో నర్సును అడగండి. ఆవిడ తిన్నాక తిందామని ఆగకండి, ముందు తినండి. క్లినిక్‌కు వెళ్ళిన రోజున మీ బీపీ కూడా చూపించుకోండి. గుండె దడ, ఏడుపు ఆగకపోవడం, నేనే పోతే బాగుండును అన్న ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు పడదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ నాకు రాసినంత ధైర్యంగా అక్కడా చెప్పండి.

ఆసుపత్రికి వెళ్ళే రోజు సంచిలో ఇవి పెట్టుకోండి: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ అయినప్పుడు, కరెంటు పెట్టినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు, ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, కిడ్నీ పరీక్ష ఉంటే అది, ఇప్పుడు వాడుతున్న మాత్రల ఖాళీ అట్టలు. పుండును పగటి వెలుతురులో ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. నొప్పి ఏ వేళకు ఎక్కువవుతోందో, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో రెండు మూడు రోజులు పాప నోటుపుస్తకంలో రాయించండి. ఆ కాగితం చూసే డాక్టరు మార్ఫిన్ కొలత నిర్ణయిస్తారు. అదే కాగితంలో మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాయించి, డాక్టరుకు చదివి వినిపించండి.